దయ్యం వదిలిస్తానని డబ్బు అడిగితే ఇవ్వకండి

అక్కా, మీ తమ్ముడు నెలరోజులుగా నిద్రపోవట్లేదని, ఎవరో పిలుస్తున్నారంటున్నాడని, దయ్యం వదిలిస్తానంటూ ఒకాయన 20 వేలు అడిగాడని రాశారు. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కతోలిక సభలో, అంటే క్యాథలిక్ చర్చిలో, దయ్యం వదిలించే పని ఎవరుపడితే వాళ్లు చేయకూడదు. సభా చట్టంలోని 1172వ నిబంధన ప్రకారం మేత్రాణులు (బిషప్) ప్రత్యేకంగా అనుమతించిన గురువే (ఫాదరే) చేయాలి. అదీ, ముందు ఇది జబ్బు కాదని తేల్చుకున్నాకే. రోమ్‌లో 1986 నుంచి ఈ సేవ చేసిన ఫాదర్ గాబ్రియేలే అమోర్త్ కూడా నిజమైన దయ్యం పీడన చాలా అరుదనే చెప్పేవారు.

మా మేనత్త కొడుక్కి ఇలాగే అయితే ఆరునెలలు తాయెత్తులు కట్టిస్తూ తిరిగాం. ఆ ఆరునెలలు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. మందులు మొదలుపెట్టాకే వాడు కంటినిండా నిద్రపోయాడు.

రేపే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఓపీకి తీసుకెళ్లండి, పేరు విని జంకకండి. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. కట్టేయడం, కొట్టడం, పస్తు పెట్టడం ఎవరు చెప్పినా వద్దు.

అమ్మగారి మనసు కుదుటపడాలంటే మీ విచారణ గురువును (మీ చర్చి ఫాదర్‌ను) ఇంటికి పిలిచి ప్రార్థన చేయించండి. అంతకుమించి ఏమైనా అవసరమనిపిస్తే సికింద్రాబాద్‌లోని అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) నివాసానికి ఆయనే కబురు పెడతారు. డాక్టరు ఏమన్నారో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.