డిక్రీ చూడు, ఫైలు జోలికి పోకు

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

"పెళ్లికొడుకుని విడాకుల కాగితం చూపించమందట, ఏం చోద్యం అన్నయ్యా!" అని మీ అమ్మ ఫోన్లో వాపోయింది. నాకు గర్వంగా అనిపించింది. మన ఇళ్లలో జాతకం అడగనివాళ్లు లేరు, డిక్రీ అడిగినవాళ్లు లేరు.

కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ అతన్నే తెమ్మను. ప్రతి కేసుకీ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు తీసుకుని, కేసు ముగిసిందో లేదో కోర్టుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో కొట్టి చూడు. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే రెండోవాళ్లు కోర్టుకి రాకుండానే ఇచ్చింది, అయినా, అప్పీలు గడువు దాటకపోయినా వకీలుని అడగందే ముహూర్తం పెట్టించకండి.

మొత్తం ఫైలే చూస్తానన్నావట. నా టెన్షన్ అక్కడే.

కోర్టులో కాపీల సెక్షన్‌లో చేరిన మూడో ఏడు. తెలిసినాయన ఒకడు, కూతురికి సంబంధం వచ్చింది, అబ్బాయి పాత కేసు ఒక్కసారి చూపించమన్నాడు. భోజనాల వేళ కట్ట విప్పి ముందు పెట్టాను. అతనికి కావలసింది ఆఖరి కాగితం. చదివింది పిటిషన్. కేసు గట్టిగా ఉండాలని వకీలు రాయించిన మాటలు, భార్యకి లేని జబ్బులతో సహా. చివరికి ఆ ఇద్దరూ రాజీపడే విడిపోయారు. అది మాత్రం అతనికి గుర్తులేదు.

కొన్నాళ్లకి ఆ కేసులోని భార్య నా కిటికీ దగ్గరికి వచ్చింది. టీచరు. గడియారం పట్టీ కింద బస్సు టికెట్టు మడిచి ఉంది. "డిక్రీ రెండు కాపీలు కావాలండీ, ఒకటి స్కూల్లో చూపించాలి" అంది. ఆ ఫైలు బయటివాడికి చూపించింది నేనేనని ఆవిడకి తెలీదు. ముద్ర వంకరగా పడింది, మళ్లీ వేశాను.

హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కేసులు తలుపులు మూసి విచారించాలి. వివరాలు అచ్చువేస్తే వెయ్యి రూపాయల వరకు జరిమానా. నేను అచ్చువేయలేదుగా! బయటివాళ్లు కాపీ కావాలంటే కారణం చూపి అర్జీ పెట్టుకోవాలి. ఆ పద్ధతి ఎందుకుందో ఆ రోజు తెలిసింది.

ఎందుకు విడిపోయారో అతన్నే అడుగు, తల్లీ. ఆ అమ్మాయి గురించి ఎలా మాట్లాడతాడో విను. నాకు అదే భయం. మొండిదానివి, మాటల్లో పడితే చెవులు మూసుకుంటావు.

డిక్రీ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టావో, చెవి మెలేస్తాను. ఆదివారం వస్తున్నా. కొత్త కళ్లజోడు తెచ్చుకుంటున్నా, ముద్ర నేనే చూస్తా. ఈ ఉత్తరం మీ అమ్మ కంట పడనీకు.

మామయ్య