మడిచి దాచుకున్న కాగితం

ప్రశ్న: ఖైదీలను హింసించిన ప్రభుత్వమే ఆ సంగతిని తన రికార్డుల్లో ఎందుకు రాసిపెట్టుకుంటుంది?

జవాబు: మీ ప్రశ్న చదవగానే నాకు దిలావర్ గుర్తొచ్చాడు. అఫ్గానిస్తాన్‌లోని ఖోస్త్ ప్రాంతపు టాక్సీ డ్రైవరు, వయసు ఇరవై రెండు. 2002 డిసెంబరు 10న బగ్రామ్‌లోని అమెరికా సైనిక నిర్బంధంలో చనిపోయాడు. సహజ మరణమని సైన్యం చెప్పింది. మృతదేహంతో పాటు కుటుంబానికి ఆంగ్లంలో ఉన్న ఒక మడిచిన మరణ ధ్రువపత్రం అందింది. వాళ్లెవరికీ ఆంగ్లం రాదు. నెలల తర్వాత ఒక విలేకరి దాన్ని విప్పి చదివితే, సైనిక వైద్యాధికారి గుర్తు పెట్టిన గడిలో ఉన్నది ‘హత్య’! తమ్ముడు ఎలా పోయాడో చెప్పే కాగితం ఇంట్లోనే ఉన్నా అన్నకు తెలియలేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

అబద్ధం చెప్పేది ఒకరు, గడి నింపేది ఇంకొకరు. పెద్ద యంత్రాంగంలో అందరి నోరూ ఒకేసారి మూయించడం కష్టం. అందుకే నిజం మిగులుతుంది.

అన్నీ మిగలవు, అదీ నిజమే. ఖైదీలను ప్రశ్నిస్తుండగా చిత్రీకరించిన 92 వీడియో టేపులను అమెరికా గూఢచార సంస్థ సీఐఏ 2005 నవంబరులో ధ్వంసం చేసింది. అయినా అమెరికా సెనేట్ కమిటీ ఆ సంస్థ తంతి సందేశాలు, ఈమెయిళ్లు తవ్వి, ఖైదీలను హింసించిన తీరుపై 6,700 పైచిలుకు పేజీల నివేదిక రాసింది. 2014 డిసెంబరులో బయటికొచ్చింది అందులో 500 పేజీల సారాంశమే. అక్కడా ఎన్నో పంక్తుల మీద నల్లసిరా పూశారు.