లొంగిపోయిన జెరోనిమోని వీరుడని ఎందుకంటారు?

అమెరికా సైన్యంతో పోరాడిన ఆదివాసీ వీరుడు జెరోనిమో గురించి, "చివరికి లొంగిపోయాడు కదా, మరి అంత పేరెందుకు?" అని ఒకరు అడిగారు. నేను డాలస్‌లో ఉంటాను. ఓక్లహోమాలో ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరానికి వెళ్ళి ఆయన సమాధి చూశాక, లొంగిపోయిన తర్వాతి కథే అసలు కథ అనిపించింది.

ఆయన అసలు పేరు గొయాత్లే, అపాచీ ఆదివాసుల్లో చిరికావా తెగవాడు. తెగకి నాయకుడు మాత్రం కాదు. ఆ స్థానం పాత నాయకుడు కొచీజ్ కొడుకు నైచే అనే ఆయనది. ఈయన మంత్రవైద్యుడు, పోరాటంలో ముందుండి నడిపే మనిషి. 1851లో మెక్సికోలోని జానోస్ దగ్గర, మగవాళ్ళు లేని సమయం చూసి సైనికులు గుడారాల మీద పడ్డారు. తల్లిని, భార్యని, ముగ్గురు పిల్లల్ని చంపేశారు. ఆ పగ ఆయన్ని జీవితాంతం వదల్లేదు. ఆయన దాడుల్లో మామూలు జనం కూడా చనిపోయారు, అది దాచాల్సిన పనిలేదు. ఆయన రిజర్వేషన్ (అమెరికా ప్రభుత్వం తెగలని ఉంచిన ప్రాంతం) నుంచి తప్పించుకున్నప్పుడల్లా కష్టం తమ మీద పడుతోందని సొంతవాళ్ళలోనే కొందరికి కోపం ఉండేది.

1886 నాటికి ఆయన వెంట ఆడవాళ్ళు, పిల్లలతో కలిపినా 40 మంది లేరు. వాళ్ళ కోసం గాలించింది సుమారు 5000 మంది అమెరికన్ సైనికులు. అయినా దొరకలేదు. మీ బంధువులందరినీ ఫ్లోరిడాకి తరలిస్తున్నారని అమెరికన్ సైన్యం పంపిన లెఫ్టినెంట్ గేట్‌వుడ్ చెప్పాకే వాళ్ళ మనసు మారింది. సెప్టెంబర్ 4న స్కెలిటన్ కాన్యన్‌లో జనరల్ మైల్స్‌కి లొంగిపోయారు. కుటుంబాలతో కలుపుతామని మైల్స్ మాట ఇచ్చాడు. తీరా మగవాళ్ళని పెన్సకోలా దగ్గర కోటలో, ఆడవాళ్ళని, పిల్లల్ని రాష్ట్రం అటు చివర సెయింట్ అగస్టీన్‌లో పెట్టారు. గేట్‌వుడ్‌తో వెళ్ళి జెరోనిమోకి కబురు చేర్చిన మార్టీన్, కయిటా అమెరికన్ సైన్యంలో పనిచేసిన అపాచీ స్కౌట్లు, అంటే జాడ తీసి దారి చూపేవాళ్ళు. వాళ్ళనీ అదే ఖైదులోకి పంపారు! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

తర్వాత అలబామా, 1894లో ఫోర్ట్ సిల్. ఖైదులో పుట్టిన పసిపిల్లలు కూడా యుద్ధ ఖైదీలే. ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వం నడిపిన కార్లైల్ బోర్డింగ్ స్కూలుకి పంపిన పిల్లల్లో చాలామంది క్షయతో పోయారు. 1905లో రూజ్‌వెల్ట్ ప్రమాణస్వీకారం పరేడ్‌లో జెరోనిమోని గుర్రం మీద ఊరేగించారు. మమ్మల్ని అరిజోనా పంపమని ఆయన అధ్యక్షుణ్ణే బతిమాలుకుంటే కుదరదన్నారు. 1909 ఫిబ్రవరి 17న న్యుమోనియాతో, ఖైదీగానే కన్నుమూశారు.

సమాధి గుండ్రాళ్ళు పేర్చి కట్టిన పిరమిడ్, పైన రాతి గద్ద. వచ్చినవాళ్ళు నాణేలు, గుడ్డపీలికలు పెట్టి వెళ్తుంటారు. పక్కనే భార్య జియే, కూతురు ఈవా. ఆ చుట్టూ వరుసల్లో ఉన్నవన్నీ ఆయనతో పాటు ఖైదులో ఉన్నవాళ్ళ తెల్లరాళ్ళు. నేను ఎక్కువసేపు ఉన్నది ఆ రాళ్ళ దగ్గరే.

మిగిలినవాళ్ళకి విడుదల 1913లో గానీ రాలేదు, అంటే 27 ఏళ్ళు. చాలామంది న్యూ మెక్సికోలోని మెస్కలెరోకి వెళ్ళారు, కొందరు ఓక్లహోమాలోనే ఉండిపోయారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఆ రెండు చోట్లా ఉన్నారు. మీరు వెళ్ళాలనుకుంటే, ఫోర్ట్ సిల్ ఇప్పటికీ ఆర్మీ బేస్ కాబట్టి లోపలికి వెళ్ళే రూల్స్ ముందే కనుక్కుని, ఐడీ వెంట పెట్టుకోండి.