‘ఒక్క ముక్కతో ఏమవుతుందిలే’ అనే మాట మధ్య

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. రెండేళ్లపాటు తగ్గని రక్తహీనత, నీరసం, కడుపు ఉబ్బరంతో బాధపడ్డాక, ఏడు నెలల కిందట రక్తపరీక్షలోనూ చిన్నపేగు బయాప్సీలోనూ నాకు సీలియాక్ వ్యాధి ఉన్నట్లు తేలింది. గోధుమల్లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లేని ఆహారమే జీవితాంతం తినాలన్నారు. మావారు మంచివారే కానీ, ఇదంతా ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అనీ, ఒక్క ముక్క తింటే ఏమీ కాదనీ అంటారు. తాను వండినది నేను తినకపోతే మా అత్తగారు ముఖం ముడుచుకుంటారు. ఆవిడ మనసు నొప్పించలేక రెండుసార్లు తిన్నాను. ఏమీ కాలేదు. దాంతో అసలు నాకు ఈ జబ్బు ఉందా అనే అనుమానం మొదలైంది. విందులకు వెళ్లడం మానేశాను. మా తొమ్మిదేళ్ల అమ్మాయికి తరచూ కడుపునొప్పి వస్తోంది. వచ్చే వారం నుంచి తనకూ గోధుమలు మాన్పించాలనుకుంటున్నాను. సొంత ఇంట్లో అందరూ కలిసి తినేచోట నేనొక్కదాన్నే పరాయిదాన్నయ్యాను. ఏం చేయాలో చెప్పండి.

సమాధానం: మీరు ఉత్తరం చివరలో రాసిన విషయానికి ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే దానికి వారం రోజులే గడువుంది. దయచేసి మీ అమ్మాయికి గోధుమలు ఇప్పుడే మాన్పించకండి. ఈ వ్యాధిని పసిగట్టే రక్తపరీక్ష, గ్లూటెన్ తింటున్నప్పుడు శరీరం తయారుచేసే యాంటీబాడీలను వెతుకుతుంది; తినడం ఆపేస్తే అవి క్రమంగా తగ్గిపోతాయి కాబట్టి, జబ్బు ఉన్నా లేనట్లే ఫలితం రావచ్చు. అప్పుడు నిజం తెలుసుకోవడానికి పాపకు మళ్లీ కొన్ని వారాలపాటు గ్లూటెన్ తినిపించి పరీక్ష చేయించాల్సి వస్తుంది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి ఉన్నవారిలో దాదాపు పదిమందిలో ఒకరికి ఇది ఉండే అవకాశం ఉంది కనుక, కడుపునొప్పి లేకపోయినా ఆమెకు పరీక్ష చేయించవలసిందే. అయితే పిల్లల కడుపునొప్పికి వేరే కారణాలు ఎన్నో ఉంటాయి. మీ భయాన్ని ఆమె కంచంలోకి రానివ్వకుండా, ముందు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.

ఇక మీ విషయం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినవి మీ అత్తగారి అలకో మీవారి మాటో కాదు, ‘ఏమీ కాలేదు’ అనే ఆ రెండు మాటలు. ఈ వ్యాధితో జీవించడంలోని అసలు చిక్కంతా అక్కడే ఉంది. వేరుశనగ పడనివారు పొరపాటున ఒక గింజ తింటే ఇంటిల్లిపాదీ కళ్లారా చూసి భయపడతారు, రెండోసారి ఎవరూ పెట్టరు. మీకు జరిగేది అలా పైకి కనిపించదు. గోధుమ, బార్లీ, గోధుమను పోలిన రై అనే ధాన్యాల్లోని గ్లూటెన్ లోపలికి వెళ్లినప్పుడు మీ రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు మీదే దాడి చేస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే సన్నని చూషకాలు అరిగి చదునైపోతాయి. దీనికి నొప్పి ఉండాలనే నియమం లేదు. ఆ వ్యాధి ముందుగా దెబ్బతీసేది చిన్నపేగు మొదటి భాగాన్ని, శరీరం ఇనుమును ఎక్కువగా పీల్చుకునేదీ అక్కడే. రెండేళ్లు వదలని మీ రక్తహీనతకు మూలం అదే అయి ఉండవచ్చు. కాబట్టి తిన్న మర్నాడు కడుపు నొప్పెట్టలేదన్నది జబ్బు లేదనడానికి సాక్ష్యం కాదు. మీ బయాప్సీ ఫలితాన్ని మీరు నమ్మాలి. మీరే నమ్మకపోతే ఇంట్లోవాళ్లకు నమ్మకం కలిగించడం సాధ్యం కాదు. ఇంతకాలం మీరు వాళ్లతో వాదించలేకపోవడానికి సగం కారణం ఈ అనుమానమేనని నాకనిపిస్తోంది.

మీవారు ‘ఒక్క ముక్క’ అన్నప్పుడు కోపగించుకోకుండా లెక్క చెప్పండి. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చొప్పున కొన్ని నెలలు తీసుకున్నా ఈ వ్యాధి ఉన్నవారి పేగు దెబ్బతింటుందని పరిశోధనలో తేలింది. మామూలు గోధుమ రొట్టె ముక్క ఒక్కదానిలోనే దాదాపు రెండు వేల మిల్లీగ్రాములు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. గ్లూటెన్ రహితమని ముద్రించే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చెబుతున్నది ఇందుకే. ఇది ఫ్యాషన్ అన్న మాటకు కూడా జవాబుంది. నెదర్లాండ్స్‌లో విల్లెం డికె అనే పిల్లల డాక్టరు గోధుమలను రెండో ప్రపంచయుద్ధానికి ముందే అనుమానించాడు. ఆ యుద్ధం చివర్లో, 1944-45 కరువు కాలంలో రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే జబ్బు తిరగబెట్టడం చూసి, పరిశీలనలు పూర్తిచేసి 1950లో ప్రచురించాడు. ఏ జబ్బూ లేకుండా సరదాకు గోధుమలు మానేసేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారన్నది నిజమే. వాళ్ల మూలంగా మీలాంటివారి అవసరం కూడా వేషంలా కనిపిస్తోంది.

అత్తగారి విషయంలో లెక్కలు పనిచేయవు. తాను వండినది తినడమంటే తనను ఆదరించడమనీ, వద్దనడమంటే తనను కాదనడమనీ ఆవిడ ఇన్నేళ్లుగా నమ్మి ఉంటారు. నా అంచనా ప్రకారం, మీరు ప్రతిసారీ వడ్డించే సమయంలో, అందరి ఎదుటా, తప్పు చేసినట్లు నసుగుతూ ‘వద్దండీ’ అంటున్నారు. అది ఆవిడకు జబ్బులా కాకుండా నిరాకరణలా వినిపిస్తుంది. భోజనం వేళ కాకుండా, వంటింట్లో ఇద్దరే ఉన్న ఒక తీరిక సమయంలో కూర్చుని చెప్పండి: “అత్తయ్యా, మీ చేతి వంట మానేయాలని నాకు లేదు. ఈ మూడు ధాన్యాలు నా ఒంట్లో విషంలా పనిచేస్తున్నాయి. అవి లేకుండా నాకోసం ఏదైనా ఒకటి చేసిపెట్టండి, మీ చేత్తో తిని చాలా రోజులైంది.” ఆ చివరి మాట ముఖ్యమైనది. తినవద్దని చెప్పే మనిషిగా కాకుండా చేసిపెట్టమని అడిగే మనిషిగా మీరు ఆవిడ ముందుకు వెళ్తారు. బియ్యం, మొక్కజొన్న, జొన్న, పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, మాంసం అన్నీ సహజంగానే గ్లూటెన్ లేనివి కాబట్టి ఆవిడ కొత్తగా నేర్చుకోవలసింది ఎక్కువేమీ లేదు. ఆవిడ అలక మొదటిరోజే పోతుందని నేను హామీ ఇవ్వలేను. కానీ ఆవిడను సంతోషపెట్టడానికి మూడోసారి మాత్రం తినకండి. ఒకసారి తిన్నారంటే, మొన్న తిన్నావు కదా, ఇవాళ ఎందుకు వద్దంటావని అడిగే హక్కు ఆవిడకు మీరే ఇచ్చినట్లవుతుంది.

వంటింట్లో అందరికీ గోధుమలు మాన్పించనక్కరలేదు. మీకు విడిగా ఉండవలసినవి కొన్నే: పిండి జల్లెడ, కూరగాయలు తరిగే చెక్క పలక, రొట్టె కాల్చే పరికరం, మీ డబ్బాలు పెట్టుకునే పై అర. పిండి గాలిలో ఎగిరి పడుతుంది కనుక పై అర మీదే. మీ వంట ముందు చేసి మూతపెట్టండి. గోధుమ పిండి అద్దినవి వేయించిన నూనెలో మీవి వేయించవద్దు, ఎందుకంటే గ్లూటెన్ వేడికి నశించదు. ‘గోధుమలు లేనిది’ అన్న లేబుల్‌తో తృప్తిపడకండి, అందులో బార్లీ నుంచి తీసిన మాల్ట్ ఉండవచ్చు. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. ఓట్స్ కూడా గ్లూటెన్ రహితమని ముద్ర ఉన్నవే, అదీ డాక్టరును అడిగాకే తీసుకోండి. అదే సమయంలో అతిభయమూ వద్దు. గ్లూటెన్ కడుపులోకి వెళ్తేనే హాని చేస్తుంది, పాప చేతిలో బిస్కట్టు ఉన్నంత మాత్రాన మీరు ఆమెను దగ్గరకు తీసుకోవడం మానుకోనక్కరలేదు. కడిగిన స్టీలు గిన్నె కడిగిన గిన్నే.

విందులకు తిరిగి వెళ్లడం మొదలుపెట్టండి, అయితే తినడానికని కాకుండా మనుషుల కోసం వెళ్లండి. పిలిచినవారికి రెండు రోజుల ముందే ఫోన్ చేసి మీ ఇబ్బంది చెప్పి, మీకోసం ప్రత్యేకంగా ఏమీ చేయవద్దనీ మీ డబ్బా మీరే తెచ్చుకుంటారనీ చెప్పండి. మొదటి రెండు విందుల్లో ఆ డబ్బా మూత తీయడం సిగ్గుగానే ఉంటుంది. ఇష్టమైన తిండి చేయిదాటిపోయినందుకు మీకు దుఃఖం కలగడం సహజం. దాన్ని చిన్న విషయమని ఎవరన్నా మీరు ఒప్పుకోనక్కరలేదు. ఆ దుఃఖం నెలలు గడిచినా తగ్గక, భోజనమంటేనే భయం పట్టుకుంటే మాత్రం డైటీషియన్‌తోపాటు మానసిక నిపుణుల సాయం కూడా తీసుకోండి.

ఆహారం మార్చిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు యాంటీబాడీల పరీక్ష మళ్లీ చేయించడం ఆనవాయితీ. మీకు ఆ సమయం వచ్చేసింది. ఇనుము, బి12, ఫోలేట్, డి విటమిన్ స్థాయిల గురించి, ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా అదే రోజున అడగండి. మీరు రెండుసార్లు తిన్న సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. యాంటీబాడీల సంఖ్య ఆశించినంత తగ్గకపోయినా బెంగపడవద్దు, పెద్దవాళ్లలో పేగు పూర్తిగా కోలుకోవడానికి రెండేళ్లకు పైగా పట్టవచ్చు. ఆ రోజు మీవారిని వెంట తీసుకువెళ్లండి, ‘ఒక్క ముక్క’ ప్రశ్నను ఆయన్నే డాక్టరును అడగమనండి. ఫలితం కాగితం వచ్చినప్పుడు ముందు మీరు చదవకుండా ఆయన చేతికే ఇవ్వండి.