బోన్సాయ్ క్లబ్బుకు వెళ్ళబోతున్న సుధకు

చిరంజీవి సుధకు పెద్దనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చేరింది. మీ కాలనీకి దగ్గరలోనే, కుండీల్లో చెట్లను చిన్నవిగా పెంచేవారి బోన్సాయ్ క్లబ్బు ఒకటి ఉందనీ, నెలకొక ఆదివారం ఉదయం సభ్యులు కలుస్తారనీ, నీవు కూడా వెళ్ళాలనుకుంటున్నావనీ తెలిసి సంతోషించాను. అయితే ఆకులు రాలుస్తున్న ఫైకస్ (మర్రి, రావిల జాతి) మొక్కను పట్టుకుని నలుగురిలోకి వెళ్ళడానికి మొహమాటంగా ఉందనీ, అది కోలుకున్నాకే తీసుకువెళతాననీ రాశావు. నా సలహా దీనికి సరిగ్గా విరుద్ధం. ఆ మొక్కను ఉన్నదున్నట్టుగా, రాలిన ఆకుల్లో నాలుగింటిని కాగితంలో పొట్లం కట్టుకుని మరీ, ఈ నెలలోనే తీసుకువెళ్ళు.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న సంగతి. క్లబ్బులో చేరిన మొదటి రెండేళ్ళూ ఇంట్లో ఉన్నవాటిలో నిగనిగలాడే కుండీని ఏరి, తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళేవాడిని. అందరూ బాగుందనేవారు, టీ తాగి ఇంటికి వచ్చేసేవాడిని. ఆ రోజుల్లోనే ఒక కొండ ప్రాంతపు నర్సరీలో ముచ్చటపడి చలి ప్రాంతాల్లో పెరిగే జూనిపర్ మొక్క కొన్నాను. గోదావరి ఎండలకు అది చెక్కుచెదరదని అమ్మినవాడు ధీమాగా చెప్పాడు. శీతకాలమంతా బాగానే ఉంది. మే నెలలో ఒకరోజు రెమ్మను వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడిగా రాలింది. జూనిపర్‌లో ఉన్న మోసమే అది: ప్రాణం పోయిన తరువాత కూడా కొన్ని వారాలపాటు పచ్చగానే కనిపిస్తుంది, మనం పిచ్చివాళ్ళలా నీళ్ళు పోస్తూనే ఉంటాము. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఏడాది గడిచాక ఏదో మాటల సందర్భంలో బయటపెడితే, అదే గదిలో ముగ్గురు తాము కూడా జూనిపర్లను అలాగే పోగొట్టుకున్నామని చెప్పారు. కొనడానికి ముందు ఒక్క మాట అడిగి ఉంటే ఆ ముగ్గురిలో ఎవరో ఒకరు నన్ను ఆపి ఉండేవారు.

ఇక నీ ఫైకస్ సంగతి. నర్సరీలో ఎండలో పెరిగిన మొక్కను తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టావు కదా, వెలుతురు ఒక్కసారిగా తగ్గితే ఫైకస్ ఆకులు రాల్చడం మామూలే. కాండం మీద ఒకచోట గోటితో కొంచెం గీరి చూడు. లోపల పచ్చగా తడిగా ఉండి పాలు కారితే మొక్కకు భయం లేదు. దానిని బాల్కనీలో ఉదయపు ఎండ తగిలే చోట పెట్టి, అక్కడి నుంచి కదపవద్దు. బలహీనంగా ఉన్నది కనుక ఇప్పుడు కుండీ మార్చవద్దు, ఎరువు అసలే వేయవద్దు. బోన్సాయ్ ఇంటి లోపలి అలంకారమని అంగళ్ళవాళ్ళు అమ్ముకోవడానికి చెప్పే మాట; అవి బయట పెరిగే చెట్లు, చుట్టాలు వచ్చిన రోజున గదిలోకి వచ్చి మరునాడు తిరిగి బయటికి వెళ్ళిపోవాలి.

తరువాత ఏ మొక్క కొనాలని అడిగావు. చిత్రాల్లో చూసే పైన్, మేపుల్ చెట్ల జోలికి పోవద్దు. వాటికి మన మైదానాల్లో దొరకని చలి కావాలి. మనకు మర్రి, రావి, చింత, సీమచింత, దానిమ్మ, కాగితంపూలు, జేడ్, అడీనియం ఉన్నాయి. వీటిలో చింత నాకు ప్రాణం. ఆకు పుట్టుకతోనే చిన్నది కనుక అడుగు ఎత్తులోనే వందేళ్ళ చెట్టులా భ్రమింపజేస్తుంది, సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది కూడా. నిమ్మ పెంచాలని మీ అమ్మ అంటోందని రాశావు. పెంచవచ్చు గాని, కుండీలో ఆకు చిన్నదవుతుందే తప్ప కాయ చిన్నది కాదు. బొమ్మలాంటి చెట్టుకు మామూలు నిమ్మకాయ వేలాడుతుంటే ఆ బరువుకు కొమ్మా వంగుతుంది, చూడడానికీ నప్పదు.

కొనకుండా దొరికే మొక్కలు కూడా ఉన్నాయి. పాత ఇళ్ళు పడగొట్టేచోట ప్రహరీగోడలలో, డాబాల పిట్టగోడలలో మొలిచిన రావి, మర్రి మొక్కలు ఏళ్ళ తరబడి మట్టి లేకుండా బతికి, మొదలు లావెక్కి గిడసబారి ఉంటాయి. బోన్సాయ్‌కి అంతకంటె మంచి సరుకు ఏ నర్సరీలోనూ దొరకదు. ఎటూ గోడతో పాటు పోయేవే కనుక ఇంటివారిని అడిగి తెచ్చుకోవచ్చు. అడవిలో ఉన్నవాటిని మాత్రం ఎవరు పెకలించి తెచ్చి ఇచ్చినా తీసుకోవద్దు. ఈసారి ఇక్కడికి వచ్చినప్పుడు నిన్ను నర్సరీల ఊరైన కడియానికి తీసుకువెళతాను. అక్కడ మూలన పడి ఉన్న, ఎవరూ కొనని వంకర మొక్కలను చూడడం ఎలాగో చూపిస్తాను.

నా దగ్గర ఉన్న పెద్ద రావి అలా ఒక పాత పెంకుటింటి గోడలోంచి వచ్చినదే. దాని కథ నీకు చెప్పాలి. మూడేళ్ళు పెంచి, నాకు తోచిన రూపం ఇచ్చి, గర్వంగానే క్లబ్బుకు తీసుకువెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ ఉండేవారు, మితభాషి. కుండీని బల్ల మీద పెట్టుకుని కళ్ళజోడు సర్దుకుని, ఏమీ మాట్లాడకుండా పావుగంట సేపు అంగుళం అంగుళం తిప్పుతూ చూశారు. ఆ తరువాత ఒక చిన్న పుల్లతో మొదట్లో మట్టిని గీకడం మొదలుపెట్టారు. రెండు వేళ్ళ లోతున, నేను వెనుక వైపు అనుకున్న దిక్కున, గోడను పట్టుకుని అతుక్కుపోయిన పాత వేరు ఒకటి కోడికాలులా చీలి బయటపడింది. మూడేళ్ళుగా దాన్ని నేనే మట్టితో కప్పి పెట్టాను. "ఇదండీ మీ చెట్టు ముఖం" అని కుండీని నా వైపు తిప్పి పెట్టి ఆవిడ వెళ్ళి కూర్చున్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి నేను ముచ్చటపడి వంచిన కొమ్మలు రెండు కోసేశాను. మన చెట్టును రోజూ ఒకే వైపు నుంచి చూసి చూసి మన కంటికి అలవాటు పడిపోతుంది. క్లబ్బు వల్ల ప్రధానమైన లాభం అలవాటు పడని ఇంకో పది జతల కళ్ళు దొరకడం. చెట్టుకు రూపం ఆలోచించేటప్పుడు ముందు వేళ్ళు, ఆ తరువాత మొదలు, అటుపైన కొమ్మలు చూడాలని పుస్తకాలు చెబుతాయి గాని, పుల్లతో మట్టి గీకి చూడమని నాకు చెప్పింది ఆవిడే.

మట్టి గురించి క్లబ్బులో ఒక్కొక్కరు ఒక్కొక్క పాళ్ళు చెబుతారు, కంగారుపడవద్దు. కుండీలో నీళ్ళు నిలవకూడదు, వేళ్ళకు గాలి ఆడాలి అన్న రెండు విషయాల్లో మాత్రం అందరూ ఒకటే. నేను ముతక ఇసుక, చితక్కొట్టిన ఇటుక ముక్కలు, బాగా మాగిన పశువుల ఎరువు వాడతాను. ముఖ్యమైనది జల్లెడ. పెసరగింజకు తక్కువగా ఉన్నదంతా దుమ్ము కింద లెక్క, దాన్ని తీసివేయకపోతే ఆరు నెలల్లో అడుగున సిమెంటులా పేరుకుపోతుంది. వేలు మొదటి కణుపు దాకా గుచ్చి చూసి, తడి తగ్గితేనే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయాలి. రోజుకొక గ్లాసు లెక్కన పోయడం నీళ్ళు పోయడం కాదు. మీ హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో రెండు పూటలా పోయవలసి వస్తుంది. బోరు నీళ్ళ ఉప్పు కాండం మీద తెల్లగా పేరుకుంటే పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్ది కడిగేయి.

కొమ్మలను కావలసినట్టు వంచడానికి తీగ చుట్టడం చూసి నేర్చుకోవలసిందే, రాసి చెప్పలేను. అల్యూమినియం తీగ, కొమ్మ లావులో మూడోవంతు మందం, సుమారు నలభై అయిదు డిగ్రీల వాలు, ఇంతవరకే రాయగలను. నేను చెప్పేది చుట్టడం గురించి కాదు, విప్పడం గురించి. వానాకాలంలో ఫైకస్ జాతి కొమ్మలు ఎంత వేగంగా లావెక్కుతాయంటే, నెలన్నర ఆదమరిస్తే తీగ బెరడులోకి దిగిపోతుంది. ఆ మచ్చలు ఏళ్ళ తరబడి పోవు. తీగను తిప్పి తిప్పి విప్పకుండా, ప్రతి మెలిక దగ్గర కత్తిరించి ముక్కలుగా తీసేయి. తీగ ఖరీదు కొమ్మ కంటె ఎక్కువేమీ కాదు.

చిన్న చెట్లను పెంచేవాళ్ళు పెద్ద చెట్లను చూడరన్నది నా పాత ఫిర్యాదు. మన తెలుగువాళ్ళకు ఈ విషయంలో ఉన్న అదృష్టం చాలామందికి లేదు. కదిరికి దగ్గరలో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు అయిదు ఎకరాల మేర పరుచుకున్న ఆ చెట్టు 1989లోనే గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. నీకు ఇంకా దగ్గర మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. అక్కడికి వెళ్ళి ఫొటోలు తీసుకుని రాకుండా, ఒక ఊడ కొమ్మను ఎక్కడ వదిలింది, నేలను తాకాక ఎలా లావెక్కింది, దాని ఆసరాతో కొమ్మ ఎంత దూరం సాగింది అన్నది కాగితం మీద గీసుకుని రా. కుండీలో మర్రికి ఊడ దింపాలంటే చిన్న ఉపాయం ఉంది: వేలాడుతున్న సన్నని ఊడను కొబ్బరిబోండాల స్ట్రాలోకి దూర్చి, లోపల తడి ఆరకుండా చూస్తూ, కింది కొసను మట్టిలో గుచ్చితే, ఎండిపోకుండా నేలకు చేరుతుంది. ఎక్కడ దింపాలన్నది మాత్రం అసలు మర్రిని చూసినవాళ్ళకే తోస్తుంది.

క్లబ్బులో నడవడిక గురించి నాలుగు మాటలు. ఎవరి చెట్టునూ అడగకుండా తాకవద్దు, కత్తెర చేతిలో ఉన్నప్పుడు మరీను. ఖరీదు అడగవద్దు. ఇది కోసేయమని ఒకరు, ఉంచమని ఒకరు చెబితే రెండూ విని, కోయడం నెల రోజులు వాయిదా వేయి. పెద్దవాళ్ళలో ఒకరిద్దరు తమకు తెలిసిన కిటుకులు దాచుకుంటారు, ఉండనీ. అలాంటి చోట్ల నాకు జపానులోని ఓమియా గుర్తుకు వస్తుంది. 1923 నాటి భూకంపంలో టోక్యో ధ్వంసమైన తరువాత అక్కడి బోన్సాయ్ సాగుదారులు కొందరు ఊరి బయటికి తరలి, 1925లో ఓమియాలో తమకంటూ ఒక పల్లె కట్టుకున్నారు. ఆ పల్లెలో ఉండేవారు కనీసం పది బోన్సాయ్‌లు పెంచాలనీ, రెండంతస్తుల ఇల్లు కట్టకూడదనీ, కంచెగా మొక్కలనే పెంచాలనీ, ఎవరు వచ్చినా చూడడానికి వాకిలి తెరిచే ఉంచాలనీ కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఈ చివరి నియమం మన క్లబ్బులన్నిటి గోడ మీదా రాసిపెట్టవలసింది.

మీ అత్తగారు వాస్తు మాట ఎత్తారని రాశావు. మరుగుజ్జు చెట్టు ఇంట్లో ఉంటే వంశం ఎదగదన్న మాట నేనూ విన్నాను. ఆవిడతో వాదనకు దిగవద్దు. వచ్చే వసంతంలో కాగితంపూల కుండీ నిండుగా పూసిన రోజున ఆవిడ కుర్చీకి ఎదురుగా పెట్టు. నీళ్ళు పోసే పని ఒక వారం ఆవిడకు అప్పగించు. మీ పెద్దమ్మ విషయంలో ఇది పనిచేసింది, ఇప్పుడు నా కుండీలన్నిటికీ ఆవిడే యజమాని.

ఒక నోటుబుక్కు పెట్టుకో. ఏ మొక్క, ఎక్కడి నుంచి వచ్చింది, కుండీ ఎప్పుడు మార్చావు, ఎవరు ఏ కొమ్మ కోయమన్నారు, అన్నీ తేదీతో రాయి. 1976లో జపాను నుంచి అమెరికాకు కానుకగా వెళ్ళిన 53 బోన్సాయ్‌లలో ఒక పైన్ చెట్టు ఉంది. 1625 నుంచి పెంపకంలో ఉన్న ఆ చెట్టు హిరోషిమాలో అణుబాంబు పడిన రోజున యామకీ కుటుంబంవారి ఇంటి ఆవరణలో గోడ చాటున ఉండి బతికిందని, 2001లో ఆ ఇంటి మనుమలు వాషింగ్టన్ వచ్చి చెప్పేదాకా అక్కడ సంరక్షించేవారికి తెలియదు. మన రావిచెట్టుకు అంత చరిత్ర ఉండదు గాని, అది పుట్టిన గోడ ఏ వీధిలోదో రాసి ఉండాలి కదా.

నేర్చుకున్నాక పంచడం అనుకుంటారు చాలామంది. నీవు మొదటి సంవత్సరం నుంచే పంచు. కత్తిరించిన ఫైకస్ కొమ్మలను పారేయకుండా వానాకాలంలో ఇసుకలో గుచ్చితే చాలావరకు వేళ్ళూనుతాయి. వాటిని పేరూ తేదీ రాసిన చీటీతో క్లబ్బుకు తీసుకువెళ్ళి కొత్తగా చేరినవారికి ఇవ్వు. నీకంటె నెల ఆలస్యంగా చేరినవాడికి నీవు నెల సీనియరువే. నీ ఆకులు ఎందుకు రాలాయో అతనికి చెప్పగలవు, అది పాతికేళ్ళ సీనియరు చెప్పడం మరిచిపోయే విషయం.

జూన్ చివరలో నా మర్రి కొమ్మకు నీ కోసమని గూటీ అంటు (కొమ్మ చెట్టుమీద ఉండగానే బెరడు ఒలిచి, తడి నాచు చుట్టి వేళ్ళు పుట్టించడం) కట్టాను. నిన్న చూస్తే ప్లాస్టిక్ కాగితం లోపల నాచు నడుమ నుంచి తెల్లని వేళ్ళు కనిపిస్తున్నాయి. అవి కొంచెం గోధుమరంగుకు తిరిగాక కోసి కుండీలో పెడతాను, దసరాకు వచ్చినప్పుడు నీతో తీసుకువెళ్ళవచ్చు. ఈలోగా జల్లెడలు రెండు మీ తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. పెద్ద కన్నులది ఇటుక ముక్కలకు, సన్నది దుమ్ము తీయడానికి. క్లబ్బులో ఏమన్నారో వెంటనే రాయి.

ఇట్లు,
పెద్దనాన్న