బ్రోకర్ పరీక్షలో లెక్కల భయం

ప్రశ్న: కాలిఫోర్నియాలో మూడేళ్లుగా రియల్ ఎస్టేట్ సేల్స్‌పర్సన్ లైసెన్సుతో పనిచేస్తున్నాను. బ్రోకర్ పరీక్ష రాయాలి. లెక్కలు చూస్తేనే కంగారు. ఎలా చదవాలి?
– ఓ పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: మీకు సేల్స్‌పర్సన్ పరీక్షలో 70 శాతం సరిపోయింది. ఇక్కడ 75 కావాలి, అంటే 200 ప్రశ్నల్లో 150. లెక్కల ప్రశ్నలు కొన్నేనండి, ఆ భయం వదిలేయండి.

ఎకరం ఇండియాలోనైనా అమెరికాలోనైనా ఒకటే: 43,560 చదరపు అడుగులు, మన లెక్కలో 4,840 గజాలు. సెక్షన్ అంటే అమెరికా భూమి సర్వేలో ఒక చదరపు మైలు ముక్క, 640 ఎకరాలు. ‘వాయవ్య పావులోని ఈశాన్య పావులో దక్షిణ సగం’ అని ఇస్తే 640ని 4తో, మళ్లీ 4తో, ఆపైన 2తో భాగించండి. 20 ఎకరాలు వస్తుంది. వర్ణన మధ్యలో ‘మరియు’ కనిపిస్తే మాత్రం ఆగండి. అక్కడ రెండు ముక్కలున్నట్టు. విడివిడిగా కట్టి కలపాలి.

ఆస్తి విలువకు ఏడాది నికర ఆదాయాన్ని (అద్దెల్లో నిర్వహణ ఖర్చులు పోగా మిగిలేది) క్యాప్ రేటుతో (ఆస్తి విలువలో ఆ ఆదాయం ఎంత శాతమో అది) భాగించాలి. 60,000 డాలర్లు, 5 శాతం అయితే 12 లక్షల డాలర్లు. లోన్ వాయిదాలు ఖర్చులో కలిపారో, జవాబు తప్పినట్టే.

అసలు మార్కులు పోయేది ఏజెన్సీ బాధ్యతలు (క్లయింటు తరఫున పనిచేసేటప్పటి బాధ్యతలు), డిస్‌క్లోజర్లు (చెప్పి తీరాల్సిన వివరాలు), ట్రస్ట్ ఫండ్ల (బ్రోకర్ దగ్గర ఉంచిన ఇతరుల సొమ్ము) దగ్గర. ట్రస్ట్ ఖాతాలో బ్యాంకు చార్జీల కోసం బ్రోకర్ సొంత సొమ్ము 200 డాలర్లకు మించి ఉండకూడదు. మించితే అది కమింగ్లింగ్, అంటే సొంత సొమ్మును ఇతరుల సొమ్ముతో కలిపేయడం. ఎక్కువ సమయం వీటికే ఇవ్వండి.