తుపాకుల విషయంలో అమెరికాలో రాజీ కుదిరే చోటు

తుపాకీ హక్కును సమర్థించేవారూ, నియంత్రణ కోరేవారూ కలిసి ఒప్పుకోగల చట్టం అమెరికాలో అసలు సాధ్యమేనా అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. చాలాకాలంగా టెక్సాస్‌లో ఉంటూ, పౌరసత్వం వచ్చాక ఒక పిస్టల్ కొనుక్కుని, ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి దానిని తాళం వేసిన ఉక్కు పెట్టెలోనే ఉంచుతున్న మనిషిగా నా అభిప్రాయం చెబుతాను. ఏ తుపాకీని నిషేధించాలన్న దగ్గర వాదన మొదలైతే అది ఎప్పటికీ తెగదు; ఎవరి చేతిలో, ఏ సమయంలో తుపాకీ ఉండకూడదన్న దగ్గర మొదలైతే చాలా దూరం కలిసి నడవవచ్చు.

న్యాయస్థానం కూడా ఇందుకు దారి మూయలేదు. ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టు, ఆ హక్కుకు హద్దులుంటాయని అదే తీర్పులో రాసింది. గృహహింస కేసులో నిరోధక ఉత్తర్వు ఉన్నవారి నుంచి ఆయుధం తీసుకోవచ్చని 2024లో రహీమీ కేసులో 8–1 ఆధిక్యంతో తేల్చింది.

నేను దుకాణంలో కొన్నప్పుడు కొనుగోలుదారు వివరాలు అడిగే ఫెడరల్ 4473 ఫారం నింపాను, నేరచరిత్ర వంటివి చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ కొద్దిసేపట్లోనే ముగిసింది. అదే తుపాకీని మా రాష్ట్రంలోనే ఉండే ఒక మామూలు వ్యక్తి దగ్గర కొని ఉంటే, ఫెడరల్ చట్టం ప్రకారం గానీ టెక్సాస్ చట్టం ప్రకారం గానీ ఆ తనిఖీ అక్కరలేదు. ఇది మా పొరుగున ఉండే వేటగాడితో ప్రస్తావిస్తే, ఆయన అభ్యంతరం తనిఖీ మీద కాదని, పేర్ల జాబితా మీదనని అర్థమైంది: "నన్ను ఎన్నిసార్లయినా పరీక్షించుకోండి, కానీ నా దగ్గర ఏముందో ప్రభుత్వం రాసిపెట్టుకోకూడదు" అన్నారు. అసలు ముడి అక్కడే ఉంది. తుపాకీ యజమానుల జాతీయ జాబితాను, అంటే రిజిస్ట్రీని, 1986 నాటి చట్టమే నిషేధించింది. ఆమోదం పొందిన కొనుగోలుదారు వివరాలను తనిఖీ వ్యవస్థ నుంచి 24 గంటల్లో చెరిపివేయాలన్న నియమమూ ఉంది. 2013లో మాంచిన్, టూమీ అనే ఇద్దరు సెనేటర్లు, ఒకరు డెమోక్రాట్, మరొకరు రిపబ్లికన్, గన్ షోలలోనూ (తుపాకులు అమ్మే ప్రదర్శనలు) ఆన్‌లైన్ ప్రకటనల ద్వారానూ జరిగే అమ్మకాలకు తనిఖీని విస్తరించి, రిజిస్ట్రీ తయారుచేసే అధికారికి 15 ఏళ్ల వరకు జైలుశిక్ష పెట్టే సవరణ తెచ్చారు. సెనేట్‌లో అరవై ఓట్లు కావలసిన చోట 54 మాత్రమే వచ్చాయి. ఓడిపోయినా, ఇరుపక్షాల భయాలనూ ఒకే కాగితం మీద రాసిన ప్రయత్నంగా నాకు ఇప్పటికీ అదే సరైన నమూనాగా తోస్తుంది.

వార్తల్లో సామూహిక కాల్పులే కనిపిస్తాయి గానీ, 2021లో తుపాకీ వల్ల మరణించిన సుమారు 48,800 మందిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారే. నియంత్రణ అన్న మాటే గిట్టని మా షూటింగ్ రేంజ్ శిక్షకుడు, విడాకులతో కుంగిపోయిన స్నేహితుడి తుపాకులను కొన్నాళ్లు తన దగ్గర పెట్టుకున్నానని మామూలుగా చెప్పాడు. తనకో ఇతరులకో ప్రమాదంగా మారిన వ్యక్తి నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకులను కొంతకాలం తీసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టం చేసేదీ దాదాపు అదే, కాకపోతే స్నేహితుడి స్థానంలో న్యాయమూర్తి ఉంటారు. ఆ తేడా చిన్నది కాదు కాబట్టి షరతులు గట్టిగా ఉండాలి. పార్క్‌లాండ్ పాఠశాలలో జరిగిన కాల్పుల తర్వాత 2018లో రిపబ్లికన్ గవర్నర్ సంతకం చేసిన ఫ్లోరిడా చట్టంలో, తాత్కాలిక ఉత్తర్వు జారీ అయ్యాక 14 రోజుల్లోపు విచారణ జరగాలి, తుది ఉత్తర్వుకు బలమైన సాక్ష్యం కావాలి, దాని గడువు ఏడాదికి మించరాదు.

2022లో టెక్సాస్‌లోని ఉవాల్డే పాఠశాలలో జరిగిన కాల్పుల తర్వాత వచ్చిన ఫెడరల్ చట్టం సెనేట్‌లో 65–33తో నెగ్గడానికి కారణం కూడా, నా దృష్టిలో, అది ఏ తుపాకీనీ నిషేధించకపోవడమే. 21 ఏళ్లలోపు కొనుగోలుదారుల తనిఖీని లోతు చేసి, రెడ్ ఫ్లాగ్ లాంటి చట్టాలున్న రాష్ట్రాలకు నిధులిచ్చింది.

ఇక నియంత్రణ కోరేవారు కూడా ఏదో ఒకటి వదులుకోవాలి. శిక్షణ పొంది, తనిఖీలో నెగ్గి ఒక రాష్ట్రంలో తుపాకీ వెంట తీసుకెళ్లే లైసెన్సు తీసుకున్న మనిషి, సరిహద్దు దాటగానే నేరస్థుడయ్యే పరిస్థితిని తొలగించడానికి వారు ఒప్పుకుంటే, ప్రైవేటు అమ్మకాలకు తనిఖీ అడిగే నైతిక బలం వారికి పెరుగుతుంది. మా పొరుగాయన లాంటివారితో బేరం కుదిరేది అక్కడేనని నా నమ్మకం.